అడిగినానని చెప్పిన మాట

నన్ను ఎవరూ ఏనాడూ దేనికీ అనుమానించలేదు. నా బరువంతా అక్కడే ఉంది. అనుమానించి ఉంటే ఎప్పుడో ఒకసారి కోపం తెచ్చుకుని, వాదించి, చివరికి ఒప్పుకుని బయటపడేవాణ్ణి. వాళ్లు నన్ను నమ్మారు. ఆ నమ్మకం కింద ఇరవై ఏళ్లకు పైగా నలుగుతున్నాను. ఒకామె చేతికి అందబోయిన టీచరు ఉద్యోగం నా వల్ల పోయింది. ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలియకపోగా, నేను తన కోసం ఎంతో పాటుపడ్డానని అనుకుంటోంది. నా భార్యకు కూడా ఇది చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

ఆమెను రేవతి అంటాను. అసలు పేరు అది కాదు. అయినా ఆమె ఇది చదివితే ఇట్టే గుర్తుపడుతుంది. గుర్తుపట్టాలని ఉంది. పట్టకూడదనీ ఉంది. ఏది ఎక్కువ అని అడిగితే చెప్పలేను.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. కంప్యూటర్లో తెలుగు కనిపించడమే గొప్ప. కనిపించినా ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడేవి. దేశదేశాల వాళ్లు జీతం లేకుండా కలిసి తయారుచేసి, అందరికీ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. దాన్ని తెలుగులోకి తేవాలని కొందరు జట్టు కట్టారు. హైదరాబాదులో కొందరు, బెంగుళూరులో కొందరు, ఎక్కడుంటారో తెలియనివాళ్లు కొందరు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. మాటలన్నీ ఈమెయిల్లోనే. తెర మీద కనబడే ప్రతి మాటనూ, ప్రతి హెచ్చరికనూ తెలుగు చేయాలి. వేల వాక్యాలు. ఎవరికి తోచినంత వాళ్లు చేసి పంపాలి. డబ్బు లేదు, పదవి లేదు. చేసినవాళ్ల పేరు ఉంటుంది, అంతే.

నేను అందులో చేరాను. నిజం చెప్పాలంటే తెలుగు మీద ప్రేమతో కాదు. ల్యాబులో నన్ను అందరూ ప్రింటర్ బాగుచేసేవాడిగానే చూసేవాళ్లు. ఆ ఈమెయిల్ జట్టులో మాత్రం 'గారు' అనేవాళ్లు. ఆ 'గారు' నాకు బాగా ఎక్కింది. ఒకరోజు ఎవరూ అడగకుండానే, తిరుపతి నుంచి పెద్ద జట్టును తయారుచేస్తానని రాసేశాను. పొగడ్తలు వచ్చి పడ్డాయి. ఇక మనుషుల్ని వెతుక్కోవాలి.

నోటీసు బోర్డులో కాగితం అంటించాను. పిల్లలు వచ్చారు. ఇంటర్నెట్ ఉచితం అని వచ్చారు. పరీక్షా ఫలితాలు చూసుకున్నారు, చాటింగ్ చేశారు, హీరోల బొమ్మలు చూశారు. తెలుగు ఫైలు తెరవగానే ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడికి బస్సు టైము. మా ఊళ్లో ఊరికే పనిచేసేవాళ్లు లేరని కాదు. కొండ మీద సేవ చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి కూరగాయలు తరుగుతారు, అన్నం వడ్డిస్తారు. అది పుణ్యం. కంప్యూటర్లో మాటలు మార్చితే పుణ్యం ఎక్కడిది? వాళ్లను తప్పుపట్టలేను.

అయితే మా ఊళ్లో ఊరికే పనిచేసే పద్ధతి ఇంకొకటి ఉంది. 'ముందు చేరిపో, తర్వాత చూద్దాం.' ఆఫీసు కానీ, కాలేజీ కానీ, ఆసుపత్రి కానీ, జీతం లేకుండానో చాలీచాలని కూలికో ముందు లోపల అడుగుపెట్టాలి. చెప్పిన పనల్లా చేయాలి. పెద్దవాళ్ల కళ్లలో పడుతూ ఉండాలి. ఏదో ఒకరోజు ఖాళీ పడుతుంది, లేదా ఎవరి మనసో కరుగుతుంది, పర్మనెంట్ అయిపోతారు. అలా అయినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. కానివాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉంటారు, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. నేను కూడా అలా అయినవాణ్ణే. ఆ ల్యాబులో మొదట జీతం లేకుండా దుమ్ము దులిపి, వైర్లు కలిపి, ఎదురుచూసి ఎదురుచూసి ఉద్యోగిని అయ్యాను. ఆ ఆశ మనిషిని ఎలా కట్టేస్తుందో నాకు బాగా తెలుసు. తెలిసే వాడుకున్నాను.

రేవతిది బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఎమ్మే తెలుగు చదివి, పండిట్ ట్రైనింగ్ కూడా చేసింది. డీఎస్సీ పరీక్ష ఒకసారి రాసి వెంట్రుకవాసిలో ఉద్యోగం పోగొట్టుకుంది. తిరుపతిలో మేనత్త ఇంట్లో ఉండి మళ్లీ చదువుకుంటూ, నా కాగితం చూసి వచ్చింది. కంప్యూటర్ అంటే మొదట భయపడింది. కొద్ది రోజుల్లోనే మాకు దారి చూపించింది. జట్టులో పెద్దవాళ్లు నిఘంటువులు తిరగేసి రాతిముక్కల్లాంటి మాటలు పెడుతుంటే, ఇది మా నాయన చదివితే అర్థం కావాలి సార్ అనేది. 'క్యాన్సిల్' బటన్ మీద 'రద్దు' అని ఉంటే 'వద్దు' అని మార్చింది. దాని మీద ఈమెయిల్లో పెద్ద రచ్చ అయింది. చివరికి ఆమెదే నెగ్గింది. నేను ఆ వాదనంతా నా పేరుతోనే పంపాను. అది చిన్న తప్పు. పెద్దది ముందుంది.

ఒకరోజు ఆమె, ఇక్కడ ఇలా చేస్తే తర్వాత ఏమైనా ఉంటుందా సార్ అని అడిగింది. సిగ్గుపడుతూ అడిగింది. అప్పుడు నేను చెప్పవలసింది ఒక్కటే. ఏమీ ఉండదమ్మా, ఇష్టముంటే చెయ్యి, లేకపోతే మానుకో. ఆ జట్టు నియమం కూడా అదే. అందరూ ఇష్టంతో వస్తారు, ఇష్టంతో పోతారు. అందులో అందమంతా అదే. నేను మాత్రం, ముందు చేరమ్మా, పనిలో కనబడితే తర్వాత చూద్దాం అన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. 'చూద్దాం' అంటే చూద్దాం అనే కదా? కానీ తిరుపతిలో ఆ మాటకు ఏమి అర్థమో చంటిపిల్లకైనా తెలుసు. ఆమె మొహం వెలిగింది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

మిగతావాళ్లకూ ఆ మాటే చెప్పాను. వాళ్లు తెలివైనవాళ్లు, నెలా రెండు నెలలు చూసి జారుకున్నారు. రేవతి ఉండిపోయింది. వాళ్లు వదిలేసిన ఫైళ్లు కూడా తనే చేసేది. ఈమెయిల్ జట్టులో తిరుపతి జట్టు తిరుపతి జట్టు అని మెచ్చుకునేవాళ్లు. ఆ జట్టు అంటే ఒక్క మనిషి. ఆ మనిషి లేచి వెళ్లిపోతే నేను రాసిన గొప్పలన్నీ కూలిపోతాయి. అప్పటినుంచి నా పని తెలుగు చేయడం కాదు, రేవతిని నిలబెట్టుకోవడం. ఆమె నా మాటలో చిక్కుకుంది, నేను ఆమె పనిలో చిక్కుకున్నాను. కరస్పాండెంటు సార్‌తో మాట్లాడారా అని వారానికొకసారి అడిగేది. కాలేజీ నడిపేది ఆయనే. కొత్త పోస్టు ఇవ్వాలన్నా ఆయనే. ఈ వారం ఊళ్లో లేరనో, మంచి సమయం చూసి అడగాలనో ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఎందుకు అడగలేదు? అడిగితే కాదంటాడని. కాదంటే ఆమె వెళ్లిపోతుందని. అడగనంత కాలం ఆశ ఉంటుంది, ఆశ ఉన్నంత కాలం ఆమె ఉంటుంది. నా లెక్క అంత నీచంగా ఉండింది.

ఇంతలో డీఎస్సీ నోటిఫికేషన్ పడింది. రేవతి వచ్చి, కొన్ని నెలలు ఊరికి పోయి చదువుకుంటాను సార్, పరీక్ష రాసి మళ్లీ వస్తాను అంది. సరిగ్గా ఆ నెలల్లోనే మా తెలుగు సాఫ్ట్‌వేర్ విడుదల కావాలి. ఇంకా బోలెడు పని మిగిలి ఉంది. ఆ పరీక్షకు లక్షల మంది రాస్తారమ్మా, వచ్చినా ఎక్కడో అడవిలో వేస్తారు, ఇక్కడ పని చేతిదాకా వచ్చింది, ఇప్పుడు పోతే ఇన్నాళ్లూ చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే అన్నాను. మాటలు వాటంతటవే వచ్చాయి. ఆమె తల వంచుకుని, మా నాయనతో మాట్లాడతాను సార్ అని వెళ్లింది.

రెండు రోజుల తర్వాత తండ్రే వచ్చాడు. మామిడితోట రైతు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చెప్పులు ల్యాబు బయటే విడిచాడు. లోపలికి రానన్నాడు. ఎదురుగా టీ అంగడికి తీసుకెళ్లాను. రేవతి కూడా వచ్చి కొంచెం పక్కగా నిలబడింది. ఆ తర్వాత జరిగింది మాత్రం నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"సార్, మీ కంప్యూటర్ పని నాకేమీ తెలీదు," అన్నాడు. "పాప పరీచ్చ రాస్తాననింది. మీరు ఉండమన్నారంట. ఉంటే ఈడ పర్మనెంట్ అయితాదా?"

"అయ్యేదానికే సూస్తా ఉండాను పెద్దాయనా."

"పెద్ద సార్‌ను అడిగినారా?"

టీ గ్లాసు వేడిగా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి నేను కొంచెం ఎక్కువసేపు తీసుకున్నాను. రేవతి నన్నే చూస్తోంది.

"అడిగినాను."

"ఏమన్న్యాడు?"

"కానీలే, సూద్దాం అన్నాడు."

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. "అడగందే అమ్మయినా పెట్టదు. మీరు అడిగినారు, అది సాలు. వేరేవాళ్లయితే కాణిపాకం పోదాం రా అప్పా, ప్రమాణం చేసి సెప్పు అనుందును. మీకాడ ఆ మాట అనను సార్." తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఈసారికి పరీచ్చ మాట ఇడిసిపెట్టు పాపా. సార్ ఉండారు."

మా జిల్లా వాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. మీది ఏ ఊరో తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా వైపు ఇద్దరి మధ్య మాట తేలకపోతే కాణిపాకం వెళతారు. స్నానం చేసి తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేస్తారు. ఎంతటి మొండివాడైనా అక్కడ అబద్ధమాడడానికి జంకుతాడు. ఆయన ఆ రోజు నన్ను రమ్మని ఉంటే బాగుండేది. నేను ఖచ్చితంగా వెనకాడేవాణ్ణి. నా అబద్ధం ఆ టీ అంగడి దగ్గరే బయటపడేది. ఆమె వెళ్లి పరీక్ష రాసుకునేది. ఆయన మర్యాద నా మెడకు ఉచ్చు అయింది. ఆయన మర్యాద మీద నింద వేస్తున్నానా? వేస్తున్నాను. ఎంత పాడు బుద్ధో చూడండి. ఒప్పుకునే చోట కూడా పక్కవాడి మీదికి తోస్తున్నాను.

రేవతి పరీక్ష రాయలేదు. మా తెలుగు అనుకున్న సమయానికి విడుదలైంది. మొదటిసారి తెర మీద అన్నీ తెలుగులో కనబడినప్పుడు ఆమె కళ్లు తుడుచుకుంది. నేనూ సంతోషించాను. అబద్ధం చెప్పను, నిజంగా సంతోషించాను.

పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. అది చూసి కరస్పాండెంటు ల్యాబుకు వచ్చారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటీ నొక్కి చూశారు. బాగా మురిసిపోయారు. ఇదంతా ఎవరు చేశారయ్యా, ఇంత మంచి తెలుగు ఎవరిది అని అడిగారు. ఆ రోజు రేవతి ఇంకా రాలేదు. గదిలో మేమిద్దరమే. ఆయన తనంతట తానే ఆ అవకాశానికి తలుపు తెరిచారు. నేను ఒక్క మాట అంటే చాలు. సార్, ఒక అమ్మాయి ఉంది, తెలుగు పండిట్, మన కాలేజీలోనే పెట్టుకుంటే బాగుంటుంది. నోటిదాకా వచ్చింది. వెంటనే భయం పట్టుకుంది. ఆమెను పిలిపిస్తే, మా సార్ మిమ్మల్ని ఎప్పుడో అడిగారు కదా అంటుంది. ఎప్పుడు అడిగావయ్యా అని ఆయన నన్ను చూస్తారు. నా పేరు చెప్పి బయటివాళ్లకు పోస్టులు ఆశ పెడుతున్నావా అంటారు. నా ఉద్యోగానికే ఎసరు. ఒక అబద్ధం చెప్పిన నోటితో నిజం అడగడానికి దారి లేకుండా పోయింది. మన పిల్లలంతా కలిసి చేశారు సార్ అన్నాను. శెభాష్ అని భుజం తట్టి వెళ్లిపోయారు.

ఎన్నోసార్లు అనుకున్నాను. అడిగి ఉంటే ఇచ్చేవారేమో. ఇచ్చేవారు కాదేమో. అది ఇక ఎవరికీ తెలియదు. ఆయన కూడా ఇప్పుడు లేరు.

ఆ తర్వాత కొన్నాళ్లకు కాలేజీ వాళ్లు ల్యాబు సమయాలు మార్చారు. బయటివాళ్లు రాకూడదన్నారు. రేవతికి చెప్పాను, నేను ఎంత అడిగినా వాళ్లు ఒప్పుకోలేదమ్మా అని. అడిగానని చెప్పిన అబద్ధాల్లో ఇది రెండోది. మొదటిది చెప్పేటప్పుడు టీ గ్లాసు సాయం కావలసి వచ్చింది, ఇది సాఫీగా వచ్చింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె నన్ను ఓదార్చింది. మీరేం చేస్తారు సార్, మీ చేతిలో ఏముంది అంది. తర్వాతి నోటిఫికేషన్ రావడానికి ఏళ్లు పట్టింది. అది వచ్చేసరికి ఆమెకు వయసు దాటిపోయింది. పెళ్లి అంతకుముందే అయింది. చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు తెలుగు చెబుతోంది. మంచి టీచరని పేరు. ప్రభుత్వ టీచరు జీతంలో పావు వంతు కూడా రాదు, రేపు వద్దంటే ఇంటికే. ఆ పరీక్ష రాసినా ఉద్యోగం వచ్చేది కాదేమోనని నన్ను నేను ఊరడించుకునేవాణ్ణి. వెంట్రుకవాసిలో పోయినదానికి రెండోసారి రాదా? ఎవరిని మభ్యపెడుతున్నాను?

ఇక శిక్ష గురించి. శిక్షంటే ఏమిటో మీకు తెలుసా? ప్రతి వేసవిలో ఆమె తండ్రి మా ఇంటికి బేనీషా మామిడిపండ్లు పంపేవాడు. బంగారుపాళ్యంలో బస్సుకు వేసి ఫోన్ చేసేవాడు. నేను బస్టాండుకు వెళ్లి గంప దించుకునేవాణ్ణి. మా పాప కోసం పోట్లాడిన సార్ అని ఊళ్లో అందరికీ నన్ను చెప్పేవాడట. నా భార్యాపిల్లలు ఇష్టంగా తినేవాళ్లు. నేను షుగరు వచ్చిందని చెప్పి తప్పించుకున్నాను. నిజంగానే షుగరు వచ్చింది, కానీ చాలా ఏళ్ల తర్వాత. నా భార్య కాణిపాకం మొక్కు ఉందంటే ఏదో సాకు చెప్పేవాణ్ణి. ఒకసారి తప్పక వెళ్లాం. వాళ్లు లోపలికి వెళ్లారు. నేను చెప్పులు చూస్తానని బయటే కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగకు అరిచే వీలు కూడా ఉండదు. పెద్దాయన చనిపోయినప్పుడు వెళ్లాను. ఆయన మనుషులు నాకు కుర్చీ వేశారు.

అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెప్పవచ్చు. బతికున్నప్పుడు ఆయన గుండె పగులుతుందనుకున్నాను. పోయాక, పోయినవాడి నమ్మకాన్ని చెడగొట్టడం దేనికి అనుకున్నాను. రెండూ కుంటిసాకులే. నన్ను సార్ అని పిలిచే ఒక కుటుంబాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

పోయిన వేసవిలో రేవతి మా ఇంటికి వచ్చింది. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల ఇంజనీరింగ్ పూర్తిచేసింది. రేణిగుంట దగ్గర ఏదో కంపెనీలో, కొన్ని నెలలు జీతం లేకుండా పనిచేస్తే తర్వాత తీసుకుంటామని మధ్యలో ఎవరో చెప్పారట. పిల్లకు నమ్మకం లేదు. తల్లికి ఆశ. మీరు చెబితే వింటుంది సార్ అని తీసుకొచ్చింది. ఆ పిల్లతో, మధ్యవాళ్ల మాట నమ్మొద్దు తల్లీ, తీసుకునే మనిషి ఎవరో వాళ్ల దగ్గరికి నువ్వే వెళ్లి అడుగు, వాళ్ల నోటితోనే విను, వినకుండా ఒక్క రోజు కూడా పనిచేయొద్దు అన్నాను. నా గొంతు పెద్దదైందేమో, లోపల్నుంచి నా భార్య తొంగి చూసింది. పిల్ల నవ్వింది, నేనూ ఇదే చెప్పానమ్మా అంది.

రేవతి కూడా నవ్వింది. లేచి, గడప దగ్గర ఆగింది.

"మధ్యవాళ్లందరూ మీ మాదిరి ఉండరు కదా సార్," అంది. "మీరయితే ఆ పొద్దు మాకోసం పోయి అడిగినారు." చెప్పుల్లో కాళ్లు పెట్టి వెనక్కి తిరిగింది. "అడిగినారు కదా?"

ఆ చివరి మాట ఎందుకు అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మాటవరసకు అడిగిందా? ఇన్నేళ్లుగా లోపల ఎక్కడో మెదులుతున్నది ఆ రోజు బయటికి వచ్చిందా? ఒకవేళ ఆమెకు ఎప్పుడో తెలిసిపోయి, నేను చెప్పడానికి ఒక అవకాశం ఇచ్చిందా? ఆమె కళ్లలోకి చూసి ఉంటే తెలిసేది. నేను చూడలేదు. తల ఊపాను. ఈ వయసులో, ఆ గడప దగ్గర, ఆ పిల్ల ముందు, అడిగాననే మళ్లీ తల ఊపాను. ఆ రోజు నుంచీ మెడ నొప్పి.

అందుకే ఇది రాస్తున్నాను. క్షమించమని కాదు. క్షమించవలసింది మీరు కాదు, అడిగే ధైర్యం నాకు లేదు. ఆమె ప్రశ్నకు జవాబు మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాలి.

లేదు రేవతీ. అడగలేదు. నీ పని మీద ఆయన గది తలుపు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆయనే వచ్చి అడిగినా నీ పేరు చెప్పలేదు.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. గుండె తేలికైందని చెప్పను. మెడ మాత్రం, ఆ రోజు ఊపిన ఈ మెడ, ఇవాళ కొంచెం నొప్పి తగ్గినట్టుంది.